ఆదెమ్మ కాలు, అబ్రహాము జీపు

మా ఆయన అబ్రహామును గురించి మదనపల్లెలో ఎవరినడిగినా మంచి మాటే చెప్తారు. నెమ్మదస్తుడంటారు, చేతిలో పనితనం ఉందంటారు, ఒకరి జోలికి పోడంటారు. అంతా నిజమే. అయితే చెప్పేవాళ్ళెవరూ ఆయనతో ముప్పై ఆరేళ్ళు కాపురం చెయ్యలేదు. చేసినదాన్ని నేను, ఫ్లారెన్సును. కాబట్టి అసలు సంగతి నేను చెప్పాలి.

ఆయనకు గ్యాసంటే తెలుసు. ఒక మిషను ఆసుపత్రిలో ముప్పై యేళ్ళు ఆక్సిజన్ సిలిండర్లు మోశాడు, బిగించాడు, విప్పాడు. అదే ఆసుపత్రిలో నేను నర్సును. సిలిండరుకు వేడి తగలకూడదు, సిలిండరుకు జిడ్డు తగలకూడదు అని రెండు సూత్రాలు తన గది గోడమీద ఎర్రరంగుతో రాసిపెట్టుకున్నాడు. రిటైరయ్యాక మా వంటింటి గోడమీద కూడా రాయడానికి కుంచె పట్టుకొస్తే అట్లకాడ చూపించి వెనక్కి పంపాను. తెలిసింది ఒక్క గ్యాసే. లోకంలో ఉండే గ్యాసులన్నీ తెలుసని ఆయన నమ్మకం. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఆసుపత్రికి పల్లెల్లో వైద్యానికి తిరిగే జీపు ఒకటుండేది. పెట్రోలు బండి. అవసరమైతే నాలుగు చక్రాలూ లాగుతాయి. పాతబడిందని వేలం వేస్తే మా ఆయన పాడుకున్నాడు, అదీ నాకు మాటమాత్రం చెప్పకుండా. ఇంటిముందు తెచ్చి నిలిపిన రోజు నేను పొయ్యి వెలిగించలేదు.

"ఉండేది ఇద్దరం. మనకు ఫోర్ వీలు జీపు ఏమిటికండీ? కూరగాయలకు పొయ్యేదానికా?" అని అడిగాను.

ఆయన బానెట్టు తుడుస్తూ, "ఉండనీలే ఫ్లారీ, ఎప్పుడన్నా పనికొస్తాది" అన్నాడు.

పనికొచ్చింది. ఆయన మాట నిజమైందనే నాకు ఎక్కువ మంట.

పుంగనూరు దాటి కొంత దూరం పోతే పులిబండ అని ఒక గుట్ట ఉంది. గుట్టమీద ఇరవై ఇళ్ళ పల్లె. పైకి దారి ఉందంటే ఉంది, లేదంటే లేదు. అంతా బండరాళ్ళు, వంకలు. ఆటోలు అడుగునే ఆగుతాయి. అంబులెన్సూ అడుగునే. మేం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి జీపు ఒక్కటే పైకెక్కేది. ఆ పల్లెలో ఉంటుంది ఆదెమ్మ.

ఆదెమ్మకు అరవై దాటాయి. రెండు పొట్టి ఆవులు, ఒక రేకుల ఇల్లు, ఊరందరినీ కడిగిపారేసే నోరు, ఇవీ ఆమె ఆస్తి. షుగరుంది. షుగరు ముదిరితే కాళ్ళకు స్పర్శ తగ్గిపోతుంది. ఆవుల వెంట చెప్పుల్లేకుండా తిరుగుతుంటే పాదంలో తుమ్మముల్లు దిగింది. దిగినట్టు ఆమెకే తెలియలేదు. ఆమె పక్కింటి మునిరత్నం నాకు ఫోన్ చేసేసరికి అరికాలి కింద రూపాయి బిళ్ళంత పుండు.

పోయి చూశాను. భయమేసింది. పుండును చూసి కాదు, పుళ్ళతోనే నా బతుకంతా గడిచింది. కొన్నేళ్ళ కింద ఆదెమ్మ అక్కకు ఇట్లాంటి పుండే వచ్చింది. ఆలస్యంగా తీసుకొచ్చారు, మోకాలి కింద కాలు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు ఆపరేషను గదిలో ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది నేనే. ఆ తర్వాత ఆమె ఎక్కువకాలం బతకలేదు.

ఆదెమ్మ అదేమీ మరిచిపోలేదు. "మా అక్క కాలు తీస్కపోతివి. ఇప్పుడు నాదీ తీస్కపోను వస్తివా నర్సమ్మా?" అంది.

"తీసేదానికి కాదమ్మా, నిలబెట్టేదానికి వచ్చినాను. ఆసుపత్రికి రా."

"సచ్చినా రాను. రెండు కాళ్ళతో పోయినోళ్ళు ఒంటికాలితో వస్తారు ఆడనుంచి."

తెలిసిన డాక్టరును అడిగాను. వారానికి రెండుసార్లు పుండు శుభ్రం చేసి, చచ్చిన చర్మం తీసి కట్టు కట్టాలి, మిగతా రోజుల్లో పక్కింటివాళ్ళు గుడ్డ మార్చినా చాలు, నాలుగైదు నెలలు ఒక్కసారీ తప్పకూడదు అన్నాడు. తప్పితే కాలుమీద ఆశ వదులుకోమన్నాడు. నేను మళ్ళీ గుట్టెక్కి ఆదెమ్మ ముందు కూర్చుని, "దేవుని సాక్షిగా చెప్తా ఉండాను, ఈ కాలు పోనీను" అని మాటిచ్చాను. ఇచ్చి జీపు దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు ముల్లు సున్నా దగ్గర వణుకుతూ ఉంది.

గుట్ట ఎక్కేటప్పుడు ఆ జీపుకు ఎంత పోసినా చాలదు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. మూడు వారాలయ్యేసరికి మా ఇద్దరి పింఛనూ బంకు పాలైంది. నాలుగో వారం పొద్దున్నే లేచి చూస్తే మా ఆయన కొలతల టేపు నోట్లో కరిచిపట్టుకుని జీపు వెనక సీటు కింద దూరి ఉన్నాడు.

"ఏం జేస్తాండారు?"

"గ్యాసు ట్యాంకుకు చోటు చూస్తాండా. జీపును గ్యాసుకు మారుస్తా. గ్యాసు కిట్టు కొనుక్కొచ్చి నేనే బిగిస్తా."

"మెకానిక్కులుండారు గదండీ!"

"ముప్పై యేండ్లు గ్యాసుతో పనిచేసినా."

"అది ఆక్సిజన్."

"గ్యాసు గ్యాసే ఫ్లారీ" అన్నాడు, చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు.

ఈ మాటలు ప్రహరీ అవతలనుంచి మా పక్కింటి ఉషారాణి విని, "కిట్టూ గిట్టూ యాలన్నా? మా ఇంట్లో వంట సిలిండరు ఇంకొకటి ఉండాది, కట్టేస్కో" అని సలహా ఇచ్చింది. ఆయనకు కోపం వచ్చింది. ఏడాదికొకసారి వచ్చే కోపం అది. "వంట సిలిండరు బండికి కట్టేది నేరం తల్లీ! ప్రాణాలు పోతాయి. బండి ట్యాంకు వేరే, దాని వాల్వు వేరే" అని అరగంట పాఠం చెప్పాడు. ఉషారాణి కూర మాడిపోయింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, దొంగదారి మా ఆయనకు చేతకాదు. మంచిదారినే పోతాడు, దాంట్లోనే గుంతలో పడతాడు.

కిట్టు కోసం కుప్పం పోయాం. అక్కడ గణేష్ అని ఒక మెకానిక్కు. బెంగుళూరు వైపు నడిచే బండ్లకు గ్యాసు కిట్లు బిగించే లైసెన్సున్న షెడ్డు అతనిది. తెలుగులో మొదలుపెట్టి అరవంలో తిప్పి కన్నడంలో ముగిస్తాడు. పనిలో మాత్రం తికమక లేని మనిషి.

"సార్, బిగించేది నేను గదా? మీరు బిగిస్తే నేను సంతకం పెట్టేదెట్ల? రేపు ఆర్.టి.ఓ. ఆఫీసులో నన్ను పట్టుకోరా?" అన్నాడు.

మా ఆయన బతిమాలాడు. ఆసుపత్రి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. అది గడువు తీరి మూడేళ్ళయింది. చివరికి గణేష్‌కు జాలేసిందో విసుగేసిందో, మెత్తబడ్డాడు. సామానంతా కొత్తదే కొనాలి, మా ఆయన బిగించాక బండిని కుప్పం తెచ్చి చూపించాలి, ఒక్క నట్టు వదులున్నా సంతకం లేదు, అన్నాడు. తర్వాత ఇనపడబ్బా ఒకటి చేతికిచ్చి చెప్పాడు.

"ట్యాంకులో గ్యాసు నీళ్ళమాదిరి ఉంటాది సార్. ఈ డబ్బా దాన్ని ఆవిరి చేసి ఇంజనుకిస్తాది. ఇదో, ఈడ రెండు మూతులు ఉండాయి సూడండి. రేడియేటరు వేడినీళ్ళు వీటిలో తిరగాల. మరిచిపోవద్దు."

మా ఆయన తల ఊపాడు. ఆ ఊపుడు నాకు బాగా తెలుసు. 'నువ్వు పుట్టకముందునుంచీ గ్యాసు చూస్తున్నా పోరా అబ్బాయీ' అని దానికర్థం. అప్పుడే గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. నేను ఆ షెడ్డులో కూర్చునేదానికి చోటుందా అని వెతుక్కుంటూ ఉండిపోయాను.

తర్వాత రెండు వారాలు మా ఇంటిముందు పండగే. పనిలేని ప్రతివాడూ వచ్చి జీపు చుట్టూ నిలబడి, తెలియని దానిమీద తెలిసినట్టు మాట్లాడి, మా ఇంట్లో టీ తాగి పోయేవాడు. కట్టు కట్టే రోజుల్లో మాత్రం పనాపి పెట్రోలుమీదే పోయి వచ్చేవాళ్ళం. గొట్టాలన్నీ బిగించి, పెట్రోలుమీదే బంకుకు పోయి ట్యాంకులో గ్యాసు నింపుకొచ్చాక, అది కారుతుందా లేదా చూడాలి. అందరూ సబ్బునీళ్ళు పూస్తారు, బుడగలొస్తే కారుతున్నట్టు. మా ఆయన సబ్బు ముట్టుకోనన్నాడు.

"సబ్బులో జిడ్డుంటాది. జిడ్డు తగలకూడదు."

అది ఆక్సిజన్‌కు చెప్పిన సూత్రమని నేను మొత్తుకున్నా వినలేదు. నేను తలకు పోసుకునేదానికి దంచిపెట్టుకున్న కుంకుడుకాయలన్నీ నానబెట్టి, పిండి, ఆ రసం బ్రష్షుతో జీపుకు పూశాడు. నా జుట్టు జడలు కట్టింది, జీపు నిగనిగలాడింది.

అంతటితో అయిందా? కరోనా వచ్చిపోయినప్పుడు ఆయనకు వాసన పోయింది. మల్లెపూవుకూ మురిక్కాలవకూ తేడా తెలియదు. గ్యాసు కారితే ఘాటుగా వాసన రావాలని దాంట్లో ఒక మందు కలుపుతారు, ఆ వాసన ఆయనకు రాదు. అందుకని వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఫ్లారీ, నీ ముక్కు కావాల."

మా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు వంక పెట్టింది ఆ ముక్కుకే, పొడుగని. ముప్పై ఆరేళ్ళలో ఈయన కూడా దాన్ని గురించి ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. సరే అని అరవై ఒక్క ఏళ్ళ మనిషిని చీర దోపుకుని జీపు కింద పడుకుని, ఒక్కో జాయింటు దగ్గరా ముక్కు పెట్టి వాసన చూశాను. ట్యాంకు దగ్గర ఒకచోట గుప్పుమంది. "ఈడ!" అన్నాను. ఆయన బిగించాడు. "ఇంకా!" అన్నాను. ఇంకా బిగించాడు. వాసన ఆగిపోయింది. "ఏం ముక్కు ఫ్లారీ నీది!" అన్నాడు. కింద మట్టిలో పడుకుని ఉన్నా సరే, నాకు సిగ్గొచ్చింది.

బండి మొదట తీసేటప్పుడు మేం ప్రార్థన చేసుకుంటాం. ఆయన బానెట్టుమీద చెయ్యిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆదికాండం నుంచి రావాలి. అంతలో పక్కన ఏదో వెలుగు కనబడి నేను ఒక కన్ను తెరిచాను. ఉషారాణి. పళ్ళెంలో నిమ్మకాయలు, కొబ్బరికాయ, మధ్యలో కర్పూరం భగభగమని మండుతూ ఉంది.

"మీ పద్ధతి మీదే అక్కా, కాదనలే. కానీ ఇంత మంది కండ్లు పడినాయి, దిష్టి తియ్యకుండా బండి తియ్యొచ్చా?" అంటూ హారతి తీసుకుని నేరుగా గ్యాసు ట్యాంకు దగ్గరికి నడిచింది.

మా ఆయన ఆమెన్ అనకుండానే పరుగెత్తాడు. బక్కెట్లో మిగిలిన కుంకుడు రసం పళ్ళెంలో కుమ్మరించాడు. కర్పూరం చుయ్యిమని ఆరింది, ఉషారాణి పట్టుచీర తడిసింది. ఆమె వారం రోజులు మాతో మాట్లాడలేదు. నిమ్మకాయలు మాత్రం ఆమె తృప్తి కోసం టైర్ల కింద పెట్టించాను.

గ్యాసుమీద జీపు బుర్రుమని లేచింది. ఆ సంతోషంలో ఆయన ఇంకో ఘనకార్యం చేశాడు. పెట్రోలు ట్యాంకు మొత్తం ఖాళీ చేశాడు. గ్యాసుకూ పెట్రోలుకూ మార్చుకునేదానికి డాష్‌బోర్డులో స్విచ్చుంది కదా, కాస్త పెట్రోలు ఉండనీ అన్నాను. "సీసా ఇంట్లో ఉంటే తాగేవాడు మానడు ఫ్లారీ. పెట్రోలుంటే చెయ్యి దానిమీదికే పోతాది" అన్నాడు. వినేదానికి ఎంత బాగుందో!

గురువారం బయల్దేరాం. మే నెల, మిట్టమధ్యాహ్నం, పుంగనూరు రోడ్డు నిప్పులమీద పెనంలా ఉంది. రోడ్డుమీద జీపు బాగానే పరిగెత్తింది. ఆయన సంఘంలో పాడే పాటలన్నీ పాడాడు. "చూస్తివా? చూస్తివా?" అని మధ్యలో నన్ను మోచేత్తో పొడిచాడు. "కుప్పం పోయి చూపించకుండా తీసినాం, పాపం మీదే" అన్నాను నేను. పులిబండ అడుగుకు చేరాం. నాలుగు చక్రాలకు గేరు వేశాడు. మొదటి మలుపు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మలుపులో దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది.

ఆయన దిగి బానెట్టు ఎత్తి చూసి, "ఫ్లారీ, ఐసు!" అన్నాడు.

నాకు ఎండదెబ్బ తగిలిందేమో మనిషికి అనుకుని దిగి నుదురు పట్టుకున్నాను. తర్వాత నేనూ చూశాను. గణేష్ ఇచ్చిన డబ్బామీద తెల్లగా, మందంగా ఐసు కట్టి ఉంది. మే నెలలో, పులిబండలో, గొడ్లు నీడకోసం వెతుక్కునే ఎండలో!

"పెట్రోలుకు మార్చండి."

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "పెట్రోలు యాడుంది?"

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయను. పాస్టరమ్మగారు చదువుతారు.

మందుల సంచి భుజాన వేసుకుని మిగిలిన గుట్ట నడిచి ఎక్కాను. నా మోకాళ్ళు ఒకటి కాదు రెండూ అరిగినవే. పదడుగులకొకసారి కూర్చున్నాను, కూర్చున్నప్పుడల్లా ఆయన్ని తిట్టాను, తిట్టేదానికి ఊపిరి చాలక లేచాను. పైకి చేరేసరికి కళ్ళముందు చీకట్లు. వారానికి రెండుసార్లు ఇట్లా ఎక్కడం నావల్ల కాదని తేలిపోయింది. జీపు ఎక్కకపోతే ఆదెమ్మ కాలు పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది. ఆమె పుండు కడుగుతూ తల వంచుకునే ఏడ్చాను.

ఆదెమ్మ గమనించింది. "యాల ఏడుస్తా ఉండావు నర్సమ్మా? కాలు పోతాదా?"

"కాలు బాగుండాది. జీపే నిలిచిపాయ. ఐసు కట్టింది."

"ఐసా? ఈ ఎండలోనా?" ఆదెమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "అట్లయితే వేన్నీళ్ళు పొయ్యండి. దీనికి ఏడుపెందుకు? చలిపుట్టినోళ్ళకు ఏం జేస్తారు, వేన్నీళ్ళు పొయ్యరా?"

నవ్వబోయి ఆగిపోయాను. కుప్పంలో గణేష్ చూపించిన రెండు మూతులు గుర్తొచ్చాయి. వేడినీళ్ళు తిరగాల అన్నాడే! ఆ మూతులకు మా ఆయన రబ్బరు బిరడాలు పెట్టి మూసిపెట్టడం నేను కళ్ళారా చూశాను. గ్యాసుకు వేడి తగలకూడదు కదా మరి.

ఆదెమ్మ పొయ్యిమీద ఆమె స్నానానికి నీళ్ళ కాగు సలసలా కాగుతూ ఉంది. మునిరత్నం రెండు బిందెలు ముంచి కావడికి తగిలించుకున్నాడు. అతని వెనక నేను, నా వెనక పల్లెలో సగం మంది గుట్ట దిగాం. జీపు దగ్గర మా ఆయన చేతులు రెండూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు! గ్యాసుకు వేడి తగలకూడదు! ముప్పై యేండ్లు..."

"తప్పుకోండి!" అన్నాను. వార్డులో మగ రోగులు సూదికి పెనుగులాడితే వాడే గొంతు అది. "ముప్పై యేండ్లు మీరు సిలిండర్లను చూసినారు, నేను మనుషుల్ని చూసినాను. ఒళ్ళు చల్లబడితే కాపడం పెడతాం. కుప్పంలో ఆ అబ్బాయి చెప్పింది కూడా అదే. తప్పుకుంటారా, మీ తలమీద పోయించమంటారా?"

తప్పుకున్నాడు. డబ్బాకు గోనెపట్టా చుట్టి మునిరత్నం నీళ్ళు పోశాడు. ఐసు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడింది. అది నిజంగా ఐసేనా అని ముసలివాళ్ళు ఇద్దరు నోట్లో వేసుకోబోతే ఆపాను. ఆయన తాళం తిప్పాడు. జీపు లేచింది. జనం ఈల వేశారు. మునిరత్నం పక్కన నడుస్తూ మలుపుకొకసారి బానెట్టు ఎత్తి చెంబెడు పోస్తుంటే, జీపు రొప్పుతూ రోజుతూ పులిబండ పైకెక్కింది. ఆ రోజు ఆదెమ్మకు స్నానం లేదు. దానికి కూడా ఆమె మమ్మల్ని తిట్టింది.

దిగేటప్పుడు మా ఆయన పాట పాడలేదు. మర్నాడు పొద్దున బిరడాలు పీకి, రేడియేటరు గొట్టాలు తెచ్చి ఆ మూతులకు కలిపాడు. చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి నిలబడి, "ఆక్సిజన్ వేరే, ఇది వేరే ఫ్లారీ" అన్నాడు. పాపం, ఆ ఒక్క మాట అనేదానికి ఆయనకు ఎంత కష్టమైందో మొహంలో కనబడింది. నేను ఏమీ అనకుండా కాఫీ ఇచ్చాను. అనాల్సింది చాలా ఉండింది.

కుప్పంలో గణేష్ బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, రెండు చోట్ల పనికి వంక పెట్టి తన ఎదుటే మళ్ళీ చేయించి, సంతకం పెట్టాడు. ఆర్.టి.ఓ. ఆఫీసుకు కాగితాలు పోయి, జీపు గ్యాసు బండి అని పుస్తకంలో ఎక్కింది. "వేడినీళ్ళ పైపులు బాగా కలిపినారే సార్" అని గణేష్ మెచ్చుకుంటే మా ఆయన తల వంచుకున్నాడు. "పులిబండలో పెద్ద ఇంజనీరమ్మ ఉండాది నాయనా, ఆమె చెప్పింది" అన్నాను నేను.

తర్వాత ఒక్క సోమవారం తప్పలేదు, ఒక్క గురువారం తప్పలేదు. వానల్లో వంక పొంగిన రోజు కూడా నాలుగు చక్రాలూ బురదలో పెనుగులాడి పైకి చేర్చాయి. పుండు రూపాయి బిళ్ళ నుంచి అర్ధరూపాయి అయింది, కందిబద్ద అయింది. మా ఆయన నాతోపాటు వచ్చి వంగి చూసి, తన పనిలాగే సంబరపడేవాడు. "ఒక్కసారి జీపెక్కు ఆదెమ్మా, అట్ల తిప్పి తెస్తా" అని ప్రతిసారీ పిలిచేవాడు. "గ్యాసు బుడ్డిమీద నేను కూర్చోను పో" అని ఆమె ప్రతిసారీ తరిమేది. ఆ గుట్టకోసమే తయారుచేసిన బండిలో ఆ గుట్టమీది మనిషి ఎక్కడం లేదని ఆయనకు లోపల దిగులుండేది.

అక్టోబరులో ఒక సోమవారం కట్టు విప్పితే పుండు లేదు. లేత చర్మం, గులాబీ రంగు. నేను వేలితో తడిమి, మళ్ళీ తడిమి చూశాను. డాక్టరు ఒకసారి చూడాలి, నడిచేదానికి మెత్తటి రబ్బరు చెప్పులు కొలిచి ఇస్తారు, రావాలమ్మా అన్నాను. ఆదెమ్మ చాలాసేపు కాలు చూసుకుంది. తర్వాత లేచి పోయి జీపులో కూర్చుంది. మదనపల్లె చేరేవరకు కళ్ళు తెరవలేదు, నా చెయ్యి వదల్లేదు. నా వేళ్ళు కమిలిపోయాయి. డాక్టరు చూసి, మానిపోయింది, ఇంక చెప్పులేసుకుని నడవొచ్చు అన్నాడు.

తిరుగు ప్రయాణంలో గుట్ట అడుగుకు వచ్చాం. మా ఆయన నాలుగు చక్రాల గేరు వేస్తున్నాడు.

"నాయనా, నిలుపు" అంది ఆదెమ్మ. "నేను దిగతా."

"ఈడనా? ఇంగ పైకే గదా పొయ్యేది!"

"నడిచి పోతా."

మా ఆయన మొహం చూడాల్సింది. "ఆదెమ్మా, ఈ గుట్ట ఎక్కేదానికే గదమ్మా నేను ఇంత చేసింది! ఐదు నెలలమ్మా! నువ్వు కూర్చో, పూలమీద తీస్కపొయినట్టు తీస్కపోతా" అని బతిమాలాడు.

ఆదెమ్మ ఎప్పుడూ మాట్లాడే గొంతుతో కాదు, మెల్లగా చెప్పింది. "ఆ పొద్దు జీపు రాలే, మా అక్కను ఇదే గుట్టమీదికి మంచంమీద మోసుకొనిపాయిరి నాయనా. నలుగురు మోసినారు. ఊరంతా నిలబడి సూసింది. తలెత్తి ఒక్కరిని సూడలే మా అక్క. ఇప్పుడు ఆ ఊరు నన్నూ సూడాల."

ఆయన ఇంజను ఆపాడు. దిగి ఆమె వైపు తలుపు తీశాడు. ఆదెమ్మ కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని ఉత్తకాళ్ళతో బయల్దేరబోయింది. కొత్తవి కదా, రాళ్ళకు అరిగిపోతాయట! నేను గట్టిగా కేకలేస్తే నిలబడి వేసుకుంది.

ఆమె ముందు నడుస్తూ ఉంది. వెనక మా జీపు మనిషి నడకకు సరిగ్గా పాకుతూ ఉంది. "గ్యాసు దండగ" అని మా ఆయన గొణిగి, బండి తుడిచే గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా మసి. నేను నవ్వలేకపోయాను, నా పరిస్థితీ అదే. మలుపు దగ్గర ఆమె నిలబడి ఊపిరి పీల్చుకుంటే మేమూ నిలబడ్డాం. ఆమె కదిలితే కదిలాం.

పైన ఇళ్ళముందు అందరూ వచ్చి నిలబడ్డారు. మునిరత్నం, పిల్లలు, ముసలివాళ్ళు. అందరూ ఆమె కాళ్ళవైపే చూస్తున్నారు. ఆదెమ్మ చీర కుచ్చెళ్ళు చీలమండల పైకి ఎత్తి పట్టుకుని, వాళ్ళ మధ్యలోకి నడిచి నిలబడింది.

"ఏమట్ల గుడ్లప్పగించి సూస్తాండారు?" అంది. "రెండూ ఉండాయి. లెక్కబెట్టుకోండి."